ఒక సాక్సు దూరం

బుకారెస్టు నుంచి రోముకు విమానంలో రెండు గంటలు, దాదాపు పదకొండు వందల కిలోమీటర్లు. రోములో ముసలివాళ్లకు సేవ చేసే జాంఫిరాకు మాత్రం అది పసిపిల్లల సాక్సు ఒకటి అల్లేంత దూరం. జతలో రెండోది తిరుగు ప్రయాణంలో అల్లుతుంది. విమానం నేలను తాకగానే సూదులు ఒళ్లో పడేసి, ఆ దారి ప్రయాణికుల అలవాటు ప్రకారం అందరితోపాటు గట్టిగా చప్పట్లు కొడుతుంది.

ఈసారి పక్కసీట్లో పసివాడు ఒకటే ఏడుపు. "ఇంకా ఎంతసేపు పిన్నీ?" అంది వాడి తల్లి, తనూ ఏడ్చేలా. "మడమ అయిపోయిందే తల్లీ, వేళ్ల దగ్గరే మిగిలింది." అల్లిక ముగిసేసరికి వాడు నిద్రపోయాడు. విమానం కిందికి దిగుతుంటే జాంఫిరా వెనక్కి తిరిగి, "చప్పట్లు కొట్టారంటే వీణ్ణి మీ ఒళ్లో పడేస్తా!" అంది. చక్రాలు నేలను తాకాయి. అందరూ చేతులెత్తి, చప్పుడు లేకుండా గాల్లో ఆడించారు. ఆమె సాక్సును వాడి పాదానికి తొడిగింది. "రెండోది కావాలంటే నాతోనే తిరిగి రావాలి మరి."