బట్టీ బూడిద చల్లిన తోటకూర

హనుమక్క పుట్టిల్లు కుప్పం దగ్గర పల్లె. పుంగనూరు కోడలయ్యాక అత్తగారి గొడ్లతో పాటు ఊరి చివర పది సెంట్ల మడి కూడా ఆమె చేతికే వచ్చింది. అందులో తోటకూర, పాలకూర వేసి, తెల్లారేసరికి గంప నెత్తిన పెట్టుకుని ముప్పై ఇళ్లు తిరిగేది. మంచి నోరని ఎవరూ అనరు. బేరమాడితే ఇచ్చిన కట్ట లాక్కుని గంపలో వేసుకునేది. పసిపిల్లలున్న ఇంటికి మాత్రం లేతాకు ఏరి విడిగా కట్టి తెచ్చేది. ఆ ముప్పై ఇళ్లలో ఒకటైన సుభద్రమ్మ ఇంట్లో, మనవడికి పప్పులో మెదిపి పెట్టేది ఆ కూరే.

పురుగు పడితే పొద్దున్నే, ఆకు మీద మంచు ఆరకముందే పొయ్యి బూడిద చల్లడం ఆ వైపు అలవాటు. 1982లో పురుగు మరీ ఎక్కువైంది, ఇంట్లో బూడిద చాలలేదు. మడి పక్కనే, మదనపల్లె రోడ్డు మీద, పాత లారీ బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఉండేది. బట్టీ బూడిద అక్కడ గుట్టలుగా పడి ఉంటే, ఊరికే వచ్చేదాన్ని వదులుకునే మనిషా ఆవిడ? రెండేళ్లపాటు తట్టలతో మోసుకొచ్చి చల్లింది. పురుగు పోయింది. అంతా తన చేతి చలవేనని వీధి వీధినా చెప్పుకుంది.

ఏరేసిన ముదురాకు, కాడలు ఇంటి దూడకు వేసేది. ఒకరోజు ఆ దూడ పళ్లు కొరుకుతూ గోడకు తల ఆనించి నిలబడిపోయింది. కళ్ల ముందు చెయ్యి ఊపినా రెప్ప వేయలేదు. పశువుల డాక్టరు సుబ్రహ్మణ్యం వచ్చి, ఏం మేపావని అడిగి, మడి దాకా నడిచి బూడిద చూశాడు. సీసం విషమన్నాడు. కూర కడిగే అమ్ముతున్నానని హనుమక్క దబాయించింది.

"కడిగితే పైది పోతాదమ్మా. మన్నులో కలిసింది వేళ్లలోంచి ఆకులోకి ఎక్కుతాది. దాన్ని యాడ కడుగుతావు?"

పిల్లలకు ముందు చెరుపు చేస్తుందని విన్నాక హనుమక్క తాను లేతాకు కట్టిచ్చిన ఇళ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. మడి పీకేసి గమ్మునుండమన్నాడు మొగుడు నాగప్ప. ఆమె పీకిందంతా గొయ్యి తీసి పూడ్చింది గానీ, గమ్మునుండలేదు. మర్నాడు ఖాళీ గంపతో ముప్పై ఇళ్లకూ వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. కొందరు తిట్టారు. సుభద్రమ్మ మనవణ్ణి ఎత్తుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. తిట్టినా బాగుండేదని హనుమక్క దారంతా ఏడ్చింది.

పిల్లవాడి రక్తం పరీక్షకు వేలూరు పెద్దాసుపత్రికి పంపారు. ప్రమాదం లేదని, ఆ కూర మానేస్తే చాలని కబురొచ్చేదాకా ఆమెకు ముద్ద దిగలేదు. దూడ బతికింది గానీ, దానికి ఒక కంటి చూపే నిలిచింది.

రోడ్డుకు దూరంగా, డాక్టరు చూసి సరేనన్న చోట, హనుమక్క వేరే మడి గుత్తకు తీసుకుంది. నాలుగు నెలలకు సుభద్రమ్మ గడప ముందు గంపతో నిలబడింది. సుభద్రమ్మే బయటికొచ్చి, కూర దూడకు పెట్టి చూశావా అని అడిగింది.

"దాని కన్ను పోయింది సాల్దా అమ్మా? నెల దినాలుగా నేనే తింటాండాను."

సుభద్రమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. గంప దించడానికి రెండు చేతులూ వేసింది.

"నీకేమన్నా అయ్యింటే, ఇంగ మా ఇంటికొచ్చి నిజం సెప్పేదెవురు హనుమక్కా?"