గుక్కెడు టీ

కాస్త దగ్గరకు జరగండి, ఆ చాప ఇటు లాక్కుని కూర్చోండి, చెబుతాను. ఆ రోజుల్లో మాకు భయమంటే తెలియదు. దర్శి నుంచి ఒంగోలు వెళ్ళడమే పెద్ద ప్రయాణమనుకునే నేను, మా ఆయన వెంట విమానమెక్కి కిర్గిజ్‌స్తాన్‌లో దిగాను. అక్కడ డాక్టరు చదువుకునే మనవైపు పిల్లలకు మెస్సు పెట్టి వండేవాళ్ళం. వంటిల్లు ఒక పెద్దావిడది, పై అంతస్తులో ఆవిడే ఉండేది. నేను తాలింపులో గుంటూరు మిరపకాయలు వేసిన ప్రతిసారీ మేడంతా దగ్గేది (నాకు తుమ్ము కూడా వచ్చేది కాదు). చివరికి ఒకరోజు, మమ్మల్ని ఉంచాలో ఖాళీ చేయించాలో తేల్చేద్దామని ఆవిడ హోటల్లో భోజనానికి పిలిచింది.

"ఇది సాగనంపే భోజనమేనే," అన్నాడు మా ఆయన.

"అయితే కడుపునిండా తినే పోదాం," అన్నాను.

హోటలు గుడారంలా గుండ్రంగా ఉంది. లోపల ఉన్ని తివాచీలు, పొట్టి బల్ల, చుట్టూ బాసింపట్టు వేసుకుని కూర్చోవడం. తీపి లేని చిన్న బూరెల్లాంటివి బల్లంతా గుమ్మరించారు. తర్వాత పెద్ద పళ్ళెంలో పల్చటి పిండిరేకుల మీద వేటమాంసం. బెష్‌బర్మక్ అంటారట, అంటే ఐదు వేళ్ళని అర్థమట, చేత్తోనే తినాలట! మాటలు అటూ ఇటూ చెప్పడానికి వెంట తెచ్చుకున్న చీరాల అమ్మాయి ఈ సంగతి చెప్పగానే, స్పూన్లతో కుస్తీ పట్టాలేమోనని బెంగపడ్డ నా ప్రాణం లేచొచ్చింది. కారం లేదు, నిజమే. కొంగున కట్టుకొచ్చిన కారప్పొడి పొట్లం విప్పబోతే మా ఆయన నా మోకాలు గిల్లాడు. అయినా ఆ మాంసం మెత్తదనానికి రెండుసార్లు పెట్టించుకున్నాను.

అప్పుడొచ్చింది టీ. పెద్దావిడ గిన్నె అడుగున గుక్కెడు పోసిచ్చింది. తాగితే మళ్ళీ గుక్కెడే. మన ఇళ్ళల్లో అలా పోస్తే ఆ మాట ఊరు దాటి వియ్యాలవారి దాకా పోదూ! "చూశావా, మన సంగతి టీ దగ్గరే తేలిపోయింది," అని మా ఆయనతో గొణిగి, మర్యాదంటే ఏమిటో చూపిద్దామని నేనే కూజా అందుకుని ఆవిడ గిన్నె పొర్లేదాకా పోశాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. చీరాల అమ్మాయి నెత్తి కొట్టుకుంది. "అయ్యో అక్కా! ఇక్కడ నిండా పోస్తే ఇక లేచి వెళ్ళమని. కొంచెం పోస్తే ఇంకాసేపు కూర్చోమని!"

"చంపావు కదే!" అన్నాడు మా ఆయన. "ఇల్లు ఆవిడది, వెళ్ళమనేది నువ్వా?"

"మా ఊళ్ళో సగం గ్లాసిస్తేనే అవమానమని చెప్పవే పిల్లా," అన్నాను, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే.

ఆ అమ్మాయి చెప్పింది. పెద్దావిడ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని నా గిన్నె తీసుకుంది. ముగ్గురం మెడలు చాచి చూశాం. గుక్కెడే పోసింది! (తాలింపప్పుడు కిటికీలు తెరవాలన్నది మాత్రం షరతు.)

ఇప్పటికీ నాకిష్టమైనవాళ్ళొస్తే టీ పోసే చెయ్యి సగంలోనే ఆగిపోతుంది. "ఏంటక్కా ఆ పిసినారితనం?" అని మా తోటికోడలు మూతి తిప్పుతుంది. దాని గ్లాసు మాత్రం నిండా పోస్తాను. కూజా పట్టుకుని పౌరుషానికి పోయిన ఆనాటి పిల్ల గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకుంటాను. మీ గడప తొక్కినవాళ్ళకు లేవబుద్ధి కాకూడదు, మీ పొయ్యి మీద టీగిన్నె ఎప్పుడూ వెచ్చగా ఉండాలి, మీ ఇల్లు చల్లగుండాలి. ఏదీ, ఆ గ్లాసులిలా ఇవ్వండి, ఇంకో గుక్కెడు పోస్తాను.