ఆమె ఎక్కింది రేపల్లె బండి కాదు

పదమూడేళ్లుగా ఒక ఊరి పేరు నా గొంతులో అడ్డం పడి ఉంది. మోకరిస్తే అదే గుర్తొస్తుంది. ఆదివారం పిల్లలకు వాక్యం చెబుతుంటే అదే గుర్తొస్తుంది. మీరు నన్ను ఎరగరు. అందుకే ముందు మీకు చెబుతున్నాను. ఎరిగినవాళ్లకు చెప్పే ధైర్యం, ఇది రాయడం పూర్తయ్యేలోగా వస్తుందో లేదో చూడాలి.

మాది తెనాలి. బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. మా చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి చాలా ఏళ్లు కార్యదర్శిని. ఒక నవల రాశాను. ఒక్కటే. పెళ్లయిన స్త్రీ ఒకతె పరాయి పురుషుడి కోసం ప్రతి శనివారం రైలెక్కుతుంది. ఇల్లు చెడుతుంది, బిడ్డ జబ్బుపడుతుంది, చివరికి సంఘం ముందు ఏడుస్తూ నిలబడుతుంది. అంతే కథ.

చప్పటి నవల. నేనే చెబుతున్నాను. స్త్రీల కూటాల్లో కొన్నవాళ్లు కూడా సగంలో ఆపేశారు. ఒక క్రైస్తవ మాసపత్రికలో ఎవరో సహోదరి నాలుగు మాటలు రాసింది, ఇందులో పాపం కనబడుతుంది గాని పాపం చేసిన మనిషి కనబడదు అని. ఆ పత్రికను నేను బీరువాలో చీరల కింద దాచాను. ఎందుకు దాచాను? కోపం వచ్చిందనుకున్నాను అప్పట్లో. కోపం కాదు. ఆ ముక్కూముఖం తెలియని మనిషి నన్ను పట్టేసుకుందని భయం.

ఎందుకంటే ఆ నవలలోని స్త్రీ నేనే.

రాశాను. ఇక కొట్టేయను.

నవలకు మూడేళ్ల ముందు, బాపట్లలో టీచర్ల శిక్షణకు శనివారాలు వెళ్లేదాన్ని. అక్కడొకాయన పరిచయమయ్యాడు. అతనికీ భార్య ఉంది. శిక్షణ రెండు నెలల్లో అయిపోయింది. నేను మాత్రం పదకొండు నెలలు బాపట్ల బండి ఎక్కాను. ఇంట్లో శిక్షణ అనే చెప్పాను. నా భర్త ఎప్పుడూ అనుమానించలేదు. స్టేషనుకు స్కూటరు మీద దించి, కిటికీ పక్కన సీటు దొరికిందా లేదా అని బండి కదిలేదాకా చూసి వెళ్లేవారు.

ఒక శనివారం అతనూ నేనూ సూర్యలంక బీచికి వెళ్లాం. పడవల దగ్గర నిలబడి ఉంటే, చేపల గంప దించుకుని కూర్చున్న ఒకామె పిలిచింది. "ఏం చెల్లెమ్మా, మీ ఆయనకి వంజరం ఇష్టమేనా? ఏంటాయన, అట్టా సముద్రం వంక తిరిగి నిలబడ్డాడు, నువ్వు కొనమంటావని భయమా?" అందరూ నవ్వారు. ఆయనకి ఇష్టమేనండి అన్నాను. కొన్నాను కూడా. ఆ చేపను తెనాలి తెచ్చి, ఆ సాయంత్రమే పులుసు పెట్టి నా భర్తకు వడ్డించాను. చాలా బాగుంది, ఎక్కడిది అని ఆయన రెండోసారి వేయించుకున్నారు.

ఆ చేప నా నవలలో లేదు. ఉండి ఉంటే పత్రికలో ఆ సహోదరి అలా రాసేది కాదేమో.

ఆ మరుసటి వారం నుంచి వెళ్లడం మానేశాను. కాని పశ్చాత్తాపపడ్డానా? పాపం ఒప్పుకోవడం అంటే ఏమిటో పిల్లలకు ఏటేటా నేర్పినదాన్ని నేను. నాకు తెలుసు, నోటితో, సొంత పేరుతో ఒప్పుకోవాలని. నేను దానికి బదులు పుస్తకం రాశాను. ఇతర స్త్రీలకు హెచ్చరికగా ఉంటుందని దేవునితో బేరం పెట్టుకున్నాను.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. కల్పిత కథలకు చోటు లేదు. సాక్ష్యమైతేనే చదువుతారు, కూటాల్లో అమ్మనిస్తారు. అప్పటి పాస్టరు అయ్యగారు రాతప్రతి చేతిలో పట్టుకుని, ఇది జరిగిందా అమ్మా అని అడిగారు. జరిగిందేనండి అన్నాను. అబద్ధం కాదు కదా! ముందు పేజీలో ఆ మాటే అచ్చు వేయించాను, ఇది మన మధ్యనే ఉన్న ఒక సహోదరి జీవితం అని.

అయితే అప్పటికే ఒక మార్పు చేశాను. బాపట్ల అని ఉన్నచోటల్లా కొట్టేసి రేపల్లె అని రాశాను. చేసింది అంతే. ఒక ఊరి పేరు.

మా సంఘంలో ప్రతి శనివారం రేపల్లె బండి ఎక్కే స్త్రీ ఒక్కతే ఉంది.

రత్నం. పూర్తి పేరు రత్నకుమారి. మా గాయక బృందంలో ముందు వరసలో నిలబడేది. మా అందరి జాకెట్లు కుట్టేది. భర్త లారీ డ్రైవరు, వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. రేపల్లెలో తల్లికి కాళ్లు పడిపోతే, శనివారాలు వెళ్లి ఒళ్లు తుడిచి, తలంటి, వారానికి సరిపడా పచ్చళ్లు, పొడులు సర్ది వచ్చేది. ఆ సంగతి నాకు తెలియదా? ఎన్నోసార్లు స్టేషనులో ఎదురెదురు ప్లాట్‌ఫారాల మీద నిలబడి చేతులూపుకున్నాం. తను రేపల్లెకు, నేను బాపట్లకు.

మరి రాసేటప్పుడు ఆమె గుర్తు రాలేదా? ఇన్నేళ్లూ రాలేదనే చెప్పుకున్నాను. వచ్చింది. కలం పట్టుకుని ఒక్క క్షణం ఆగాను. జనం ఎవరినో ఒకరిని అనుకుంటారు, నన్ను మాత్రం అనుకోరు అన్న ఆలోచన వచ్చింది. ఆ తరువాతే రాశాను.

పుస్తకం వచ్చిన రెండు నెలలకు రత్నం మా ఇంటికి వచ్చింది. పగలు పదకొండు గంటలు, నేను చిక్కుడుకాయలు తుంచుతున్నాను. తనూ కూర్చుని గుప్పెడు కాయలు తీసుకుంది. కొంతసేపు ఇద్దరం తుంచాం.

"టీచరక్కా, నీ పుస్తకంలో ఆవిడ రేపల్లె బండే ఎందుకెక్కిందక్కా?"

"ఏదో ఒక బండి ఎక్కాలిగా రత్నం. కథే కదా."

"కథంటావేంటి? జరిగిందని నువ్వే రాశావుగా ముందర." కాయలు చేటలో పడేసింది. "పెద్దలు నన్ను అడుగుతున్నారక్కా. శనివారాలు ఎవరింటికెళ్తున్నావమ్మా అని. మా మరుదులైతే బండి టైమయింది వదినా, రెడీ అవ్వలా అని నవ్వుతున్నారు. ఆయనకీ చెప్పారు. నువ్వొక్కమాట చెప్పక్కా, అది రత్నం కాదని. నీ మాట వింటారు."

నా నోట్లోంచి ఏం వచ్చిందో చూడండి. "కాదంటే, మరి ఎవరని అడుగుతారు కదా" అన్నాను.

రత్నం నా మొహం చూసింది. తరువాత చీర దులుపుకుని లేచింది.

"తెనాలి జంక్షన్లో బండ్లకి కరువొచ్చిందా అక్కా? బాపట్ల బండి ఎక్కించాల్సింది."

అంతే అని వెళ్లిపోయింది. ఆమెకు తెలుసా? ఎదుటి ప్లాట్‌ఫారం మీద నుంచి పదకొండు నెలల్లో ఏదైనా చూసిందా? లేక ఊరికే నోటికొచ్చిన మాటా? ఈ ప్రశ్నతో ఎన్నోసార్లు నిద్రలేచాను. తెలిసి ఉంటే, పెద్దల ముందు నా పేరు చెప్పి తను బయటపడొచ్చు. చెప్పలేదు. తెలిసీ చెప్పలేదేమో అన్నదాన్ని నేను భరించలేను.

ఆ వారమే ఇద్దరు సంఘ పెద్దలు నా దగ్గరకు వచ్చారు. ఆ సహోదరి మన రత్నమేనా అని సూటిగా అడిగారు. కాదు అంటే సరిపోయేది. నేను తల దించుకుని, నమ్మి చెప్పుకున్న మాట బయట పెట్టకూడదండి అన్నాను. వాళ్లు నన్ను మెచ్చుకున్నారు. గుట్టు దాచే నా గుణాన్ని ఆ ఆదివారం అయ్యగారు ప్రసంగంలో కూడా ప్రస్తావించారు. ఆ మౌనంతో రత్నం పేరు ఖాయమైపోయింది. చేసినవాటిలో ఘోరమైనది ఇదే. బాపట్ల కాదు, నవల కాదు, ఇది.

విచారణ తేలేదాకా ప్రభు బల్లకు, అక్కడ పంచే రొట్టె, ద్రాక్షారసాలకు దూరంగా ఉండమన్నారు ఆమెను. నెల మొదటి ఆదివారం వెనక బల్ల మీద ఒంటరిగా కూర్చుంది. రొట్టె పళ్లెం ఆమెను దాటుకుని నా దగ్గరకు వచ్చింది. నేను తీసుకున్నాను. తగని రీతిలో తీసుకోవడం ఎంత భయంకరమో నేర్పే నోటితోనే తీసుకున్నాను. ఆ తరువాత ఆమె రాలేదు. భర్త ఆమె చేతి అన్నం తినడం మానేసి, గుంటూరులో గది తీసుకున్నాడు. ఆమె కుట్టు మిషను రిక్షాలో వేసుకుని రేపల్లె వెళ్లిపోయింది. విచారణ ఎవరూ తేల్చలేదు.

ఇప్పుడెందుకు చెబుతున్నాను? కొత్త పాస్టరమ్మ గారికి పాత కట్టల్లో ఆ నవల దొరికింది. ఆంటీ, జరిగిన కథ కదా, మళ్లీ వేద్దాం, పెళ్లికావలసిన అమ్మాయిలకు పంచుదాం అంది. నేను వద్దనేలోగా అచ్చుకిచ్చేసింది. ప్రూఫులు సోమవారం వచ్చాయి. మళ్లీ రేపల్లె బండి. మళ్లీ కొన్ని వందల ఇళ్లకు.

మొదటిసారి ప్రూఫులు దిద్దింది నా భర్తే. రైలు వేళలు కూడా సరిచూశారు, వేమూరు తరువాత భట్టిప్రోలు రావాలి, నువ్వు తిరగేశావు అని నవ్వారు. ఈసారీ ఆయనే దిద్దుతారు. నాలుగు రోజులుగా కళ్లజోడు పెట్టుకుని, కాగితాలేవి అని అడుగుతున్నారు. ఇస్తానండి అంటున్నాను.

ఈ ఉదయం నేనే ఎర్ర కలం తీసుకుని కూర్చున్నాను. రేపల్లె కొట్టేసి బాపట్ల అని రాశాను, ముప్పై ఒక్క చోట్ల. ముందు పేజీలో 'ఒక సహోదరి' అన్న మాట కొట్టేసి నా పేరు రాశాను. దాని కింద, రత్నకుమారికి ఈ కథతో ఏ సంబంధమూ లేదు, ఆమె తల్లి సేవకు వెళ్లింది అని రాశాను. ఇదే మాట మొదటి ఆదివారం ప్రభు బల్లకు ముందు లేచి నిలబడి చదువుతాను. పుస్తకం వేస్తారో, చించేస్తారో వాళ్ల ఇష్టం. రత్నం నన్ను క్షమిస్తుందని అనుకోను. క్షమించమని అడగడానికి రేపల్లె బండి ఎక్కే అర్హత కూడా, సంఘం ముందు ఇది చదివాకే వస్తుంది.

దేవుడు క్షమిస్తాడని ఎన్ని వందల మందికి చెప్పానో. నా విషయంలో ఆ మాట నేను చెప్పుకోను.

ఇప్పుడు సాయంత్రం నాలుగయింది. ప్రూఫులు ఆయన బల్ల మీద ఉంచి, తరువాత ఇవ్వడానికి ఈ కాగితాలు చేతిలో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన వచ్చి కూర్చున్నారు. కళ్లజోడు పంచె అంచుతో తుడుచుకున్నారు. మొదటి పేజీ తీశారు.

"ఏంటిది, మొదట్లోనే ఇన్ని దిద్దుళ్లు?" అన్నారు.

"చదవండి," అన్నాను. గొంతులో ఏ ఊరి పేరూ అడ్డం పడలేదు.