పెరుగు తోడుకునేంత దూరం

ఛత్రినాకలో మా ఎదురింటి పాల పెద్దమ్మ మొన్న తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. బర్రెలు అదేపనిగా అరుస్తుంటే, ఇంకా పాలు పిండలేదేమని కోడలు లోపలికెళ్లి చూసిందట. ఆమె మాకు చుట్టం కాదు. అయినా మా అమ్మ పోయినప్పుడు ఏడ్చినట్టే ఏడ్చాను.

పెద్దమ్మ ఎన్నడూ విమానం ఎక్కలేదు. కానీ మా గల్లీలో ఎవరు ఎక్కినా ఆమెకు పని పడేది. విమానం లేచే వేళకు పాలు గోరువెచ్చగా చేసి తోడు వేసేది. పెరుగు గట్టిపడ్డాక గిన్నె ఆ ఇంటికి తెచ్చి, "దిగిండు మీవోడు. ఇగ ఫికర్ లేకుండ తినుండ్రి," అనేది. ఇంట్లో మనిషి గాల్లో ఉన్నప్పుడు ఎదురింట్లో మరొకరు కనిపెట్టుకుని ఉండటం ఎంత ధైర్యమో ఆమె వల్లే తెలిసింది.

దుబాయికి ఆ లెక్క ఇంచుమించు సరిపోయేది. ఒక చలికాలం మాత్రం పాలు ఎంతకీ తోడుకోలేదు. మా చిన్నాయన అక్కడ దిగి, ఫోన్ చేసి, తిని పడుకున్నాడు కూడా. పెద్దమ్మ ఒప్పుకుంటేనా! "ఫోన్ల గట్లనే చెప్తరు. ఇంకా మీదనే ఉన్నడు," అని చిన్నమ్మను కంచం ముందు కూర్చోనివ్వలేదు.

మా చెల్లి ఉద్యోగానికి ఆక్లాండ్ బయల్దేరిన రోజు మాత్రం ఆమె ముఖం వాడిపోయింది. అమ్మ పోయాక చెల్లికి రోజూ జడ వేసింది పెద్దమ్మే.

"ఎంత దూరం బిడ్డా?"

"పన్నెండు వేల కిలోమీటర్లు పెద్దమ్మా. నడుమ సింగపూర్‌ల విమానం మారాలె. దగ్గర దగ్గర ఒక రోజు పడ్తది."

"రోజా! గంతసేపుంటే పెరుగు పులుస్తది గదనే."

"పులిసినా ఉంచు. నేనొచ్చి తింట," అని చెల్లి ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది.

మొన్న కబురు చెప్పగానే చెల్లి ఫోన్‌లో ఒకటే మాట అంది. "ఒక్కసారి ముఖం చూస్త. ఆపుండ్రి అక్కా." దొరికిన మొదటి విమానం ఎక్కింది. నేను పెద్దమ్మ కొడుకును బతిమాలాను.

"రేపటిదాకా ఉంచుదాం అన్నా."

"అమ్మ మాట తీసుకుంది చెల్లె. నన్ను ఐసు డబ్బాల పెట్టొద్దు, పొద్దుగుంకక ముందే తీస్కపోవాలె అన్నది. నేనేం చెయ్యాలె?" అంటూ అతను కూలబడిపోయాడు.

చెల్లి విమానం లేచే వేళకు పెద్దమ్మ బర్రె పాలే తెచ్చి మా ఇంట్లో తోడు వేశాను. ఎందుకు వేశానంటే చెప్పలేను. సాయంత్రం డప్పులు మొదలయ్యాక మూత తీసి చూస్తే పెరుగు గట్టిపడి ఉంది. చెల్లి నిజంగానే ఇంకా మీదే ఉంది.

మర్నాడు వచ్చింది. ఎదురింటి వాకిట్లో కాసేపు నిలబడి మా ఇంట్లోకి వచ్చేసింది. గిన్నె మూత తీస్తే పులుపు వాసన గుప్పుమంది. పారబోద్దామని తీశాను.

"ఉంచక్కా," అంది.

ఉప్పు కూడా వేసుకోకుండా, గోడకానుకుని ఆ పెరుగంతా తిన్నది. ప్రయాణంలో జడ ఊడిపోయి జుట్టంతా వీపు మీద చెదిరి ఉంది. దాన్ని ముడివేసుకోవడానికి చెయ్యి ఎత్తనే లేదు.