పన్నెండు క్లిక్కులు

శంషాబాద్ దాటినంక మా ఫౌజు ట్రక్కు మట్టిబాటలోకి తిరిగింది. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం రెండు. తొంభైల నడిమి సంగతి, ఎయిర్‌పోర్టు ఇంకా లేదు. గుండ్లు, తుమ్మచెట్లు, ఎర్రమట్టి. ఆరు వారాల కోర్సు. దూరం నుంచి గురి కొట్టుడు నేర్చుకోవాలె. ఎనిమిది మందిమి, నాలుగు జోడీలు.

మర్నాడు పొద్దున ఆరింటికి ఉస్తాద్ కంబళి పరిచిండు. ఉస్తాద్ అంటే మాకు నేర్పే హవల్దారు, కర్నూలు మనిషి. ఒక్కో జోడీకి రెండు స్కోపులు పెట్టిండు. రైఫిల్ మీద బిగించే దుర్బీన్లు. ఒకటి పొట్టిది, పాతది, ఆరింతలు పెద్దగ చూపిస్తది. ఇంకోటి పొడుగుది, నిగనిగలాడుతున్నది, పన్నెండింతలు.

"ఏది తీసుకుంటే చివరిదాకా అదే," అన్నడు.

నా జోడీ గోదావరి దిక్కు మనిషి. నాకంటే రెండేండ్లు సీనియర్.

"పెద్దది వద్దురా," అన్నడు మెల్లగ. "ఎండెక్కితే గాలి మరుగుతుంది. పన్నెండింతల్లో ఆ మరుగే కనిపిస్తుంది, టార్గెట్ కనిపించదు. కొత్తవాడికి ఆరు చాలు."

మంచిది తనే ఉంచుకోనీకె చెప్తున్నడనుకున్న. పొడుగుదే తీసుకున్న. అతను పొట్టిది అందుకున్నడు.

పదకొండింటికల్లా ఆరువందల మీటర్ల అవతల టార్గెట్ నీళ్లల్ల బట్ట లెక్క ఊగింది. అతని తూటాలు నడుమ పడ్డయి. నావి ఎక్కడంటే అక్కడ. రోజులు గడుస్తుంటే నాకు అతని మీదనే అనుమానం పెరిగింది. నేను తిననీకె పోయినప్పుడు నా రైఫిల్ ముడుతున్నడేమో? గురిని పైకి, కిందికి జరిపే బిళ్ల ఒకటి స్కోపు మీద ఉంటది. తిప్పితే క్లిక్కు క్లిక్కుమంటది. అది ఉన్నచోట పెన్సిల్‌తో సన్న గీత పెట్టిన. ఎవ్వరికీ చెప్పలె.

నాలుగో వారం జ్వరమొచ్చి రెండు రోజులు దవాఖానల పడుకున్న. మూడోనాడు పొద్దున వాపస్ వచ్చి చూస్తే బిళ్ల గీత దాటి ఉన్నది. పన్నెండు క్లిక్కులు.

"నీ స్కోపు గురించి ఒకటి చెప్పాలి," అన్నడు జోడీ.

"నీ పని నువ్వు చూస్కో."

"అది కాదురా, మొన్న ఉస్తాద్..."

"ఇగ చాలు."

ఆ పూట గొయ్యి డ్యూటీ అతనిది. మట్టికట్ట వెనుక గొయ్యిల కూసొని, టార్గెట్ చట్రాన్ని కట్ట మీదికి లేపి, తూటా ఎక్కడ తగిలిందో చెప్పాలె. అతను నడిచిపోయిండు. నేను బిళ్లను వెనక్కి, గీత దాకా తిప్పిన.

ఏడు నలభైకి వైర్‌లెస్‌ల అతని గొంతు: "టార్గెట్ సిద్ధం. కొట్టు."

కొట్టిన. చట్రం కింది కట్టె పగిలి ఎగిరింది.

వైర్‌లెస్ గరగరమన్నది. తర్వాత, "ఫైరింగ్ బంద్. కంట్లో ఏదో పడింది." గొంతు మామూలుగనే ఉన్నది.

ఉరికినం. కట్టెపేడు ఎడమ కన్ను అంచున దిగి ఉన్నది.

జీపు అతన్ని తీసుకపోయినంక ఉస్తాద్ నా రైఫిల్ చూసిండు. "బిళ్ల ఎవడు తిప్పినాడు?"

"నేనే ఉస్తాద్."

"నీ స్కోపు మరలు వదులైనాయని చూసింది నీ జోడీనే. బిగించి, గురి మళ్లా సరిచేసినాం, పన్నెండు క్లిక్కులు పైకి. రైఫిల్ పుస్తకంలో రాసినా. చదవలేదా?"

చదవలె.

నన్ను కోర్సు నుంచి తీసేసిండ్రు. సెలవు మీద ఇంటికి పోతూ దారిల అతను ఉన్న దవాఖాన కాడ దిగిన. కన్ను దక్కింది కానీ ఆ చూపుతోని ఇగ దూరపు గురికి పనికిరాడన్నరు.

"నిన్ను నమ్మలె అన్నా," అన్న.

"తెలుసు," అన్నడు.

ఇంట్ల అందరికీ కోర్సు అయిపోయిందనే చెప్పిన. ఇన్నేండ్లకు మీకు నిజం చెప్తున్న. తూటా చప్పుడు మర్చిపోయిన, నెత్తురు మర్చిపోయిన. ఆ వార్డుల కుర్చీ లేదు. నేను నిలబడి ఉంటే, సగం మొహానికి కట్టుతోని అతను మెల్లగ గోడ దిక్కు జరిగి, నేను కూసోనీకె మంచం మీద జాగ ఇచ్చిండు. అదే కండ్లల్ల నిలిచిపోయింది.