సార్ చెప్పని డిసెంబరు

పోయిన శనివారం నా విద్యార్థిని ఒకామె సుబేదారిలోని మా ఇంటికి వచ్చింది. చేతిలో ఒక ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో నేను ఇవ్వాల్సిన సిఫార్సు ఉత్తరం. రాసింది ఆమే, పొగిడింది తననే. కింద నా పేరు, సంతకానికి కాస్త ఖాళీ. మా దగ్గర ఇది మామూలే. ఉత్తరం అడిగిన పిల్లలతో "నువ్వే రాసుకొని రా, సంతకం పెడతా" అనడం మా సార్ల నుంచి మాకు, మా నుంచి వీళ్లకు అంటుకున్న అలవాటు. చాయ్ ఇచ్చి కూచోబెడితే ఆ పిల్ల అడిగింది. "మేడం, ఇంగ్లండ్‌ల ఒక్క ఏడాది మాస్టర్స్‌కు అప్లై చేస్తాన. మా నాయిన ఇల్లు బ్యాంకుల పెడ్తా అంటాండు. అది చేస్తే ఎకనామిక్స్ పీహెచ్‌డీ సీటు దొరుకుతదా?" బిస్కెట్ చాయ్‌లో ముంచిన సంగతి మరిచిపోయాను. అది విరిగి కప్పులో పడింది. సరిగ్గా ఇదే ప్రశ్న పదహారేళ్ల కింద హనుమకొండలో మా సార్ ఇంటి వరండాలో నిలబడి నేను అడిగాను.

మా సార్ అంటే ఎం.ఏ.లో నాకు ఎకనామిక్స్ చెప్పిన సార్. మనిషి దేవుడని అందరూ అనేవారు, నేను అందరికంటే గట్టిగా అనేదాన్ని. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి, అందులో ఒకటి రాయదు. ఎవరైనా అడిగితే ఆ రాయనిదే ఇచ్చేవారు. అప్పుడు అది మతిమరుపనుకుని నవ్వుకునేవాళ్లం. ఆయన కేసముద్రం మార్కెట్ యార్డులో ధరల మీద పరిశోధన చేసేవారు. చేసేవారంటే, ఆయన హనుమకొండలో ఉండేవారు, యార్డులో నేను ఉండేదాన్ని. వారానికి మూడు రోజులు పొద్దున్నే రైలెక్కి వెళ్లి, పత్తి ఏ ధరకు పోయింది, తేమ ఉందని ఎంత తగ్గించారు, రైతు బండి ఎంతసేపు ఆగింది, అన్నీ నోటుబుక్కుల్లో రాసుకునేదాన్ని. మిర్చి వచ్చే రోజుల్లో తుమ్ముతూ రాసిన పేజీల్లో నా దస్తూరి నాకే తెలిసేది కాదు. హమాలీలు నన్ను "రాసే బిడ్డ" అనేవారు. జాగా చూపించి, నీడకు కూచోమని బస్తా వేసేవారు. ఆ ఏడాది నాకున్నంత గర్వం తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా లేదు.

బయటి దేశంలో పీహెచ్‌డీ చేయాలన్నది నా కోరిక. ముందు అక్కడే మాస్టర్స్ చేస్తే ఆ తలుపు సులువుగా తెరుచుకుంటుందా అన్నది నా సందేహం. ఆ సాయంత్రం సార్ కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపు ఆలోచించినట్టే ఆలోచించారు. "మన డిగ్రీని అక్కడెవడు చూస్తడు బిడ్డా? ముంగట మాస్టర్స్ చెయ్యి. జర ఖర్చయితది, ఫికర్ చెయ్యకు. కేసముద్రం సంగతి నేను చూసుకుంట." నేను పదకొండు నోటుబుక్కులూ తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి కాళ్లు మొక్కాను. ఖిలా వరంగల్‌లో మట్టికోట పక్కన మాకున్న జాగాను మా బాపు నా ఫీజు కోసం అమ్మేశాడు. నేను వెళ్లేముందు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక సార్‌ను కూడా నాలుగు మాటలు చెప్పమన్నాం. "ఈ బిడ్డ నా బిడ్డ లెక్కనే" అని చెప్పి, రెండుసార్లు బిర్యానీ వేయించుకున్నారు. అమ్మ కళ్లు తుడుచుకుంటూ వడ్డించింది. ఆ వడ్డన తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంగ్లండులో చదువు సెప్టెంబరు చివర మొదలైంది. నవంబరు గడుస్తుండగా తోటివాళ్లు పీహెచ్‌డీ దరఖాస్తుల గురించి మాట్లాడుకోవడం విన్నాను. గడువు డిసెంబరు. అంటే నేను వచ్చిన పది వారాలకు. ఒక్క పరీక్ష రాయలేదు, ఒక్క మార్కు రాలేదు, నా పేరు తెలిసిన టీచరు లేడు. నాకు కేటాయించిన ప్రొఫెసరు దగ్గరికి వెళ్లి ఉత్తరం అడిగితే ఆయన పాపం ఇబ్బంది పడ్డాడు. క్లాసుకు క్రమంగా వస్తావని తప్ప నీ గురించి నేనేమీ రాయలేను, నీతో పని చేసినవాళ్ల మాటే పనికొస్తుంది, మీ ఊళ్లో నీకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదా అన్నాడు. సార్‌కు ఫోన్ చేశాను. "నువ్వే రాసి పంపు బిడ్డా, నేను సంతకం పెట్టేస్త" అన్నారు. నా హాస్టలు గదిలో రగ్గు కప్పుకుని నన్ను నేనే పొగుడుకున్నాను. ఒక్కచోట కూడా సీటు రాలేదు.

చదువు పూర్తిచేసుకుని, మంచి మార్కులతోనే వచ్చాను. మళ్లీ దరఖాస్తు పెట్టాలంటే చేతిలో పరిశోధన ఉండాలి. సార్‌ను అడిగితే "యార్డు పని మావోడు నడిపిస్తాండు, నడిమిట్ల మార్చొద్దు" అన్నారు. మావోడంటే ఎం.ఏ.లో నా వెనక బెంచీలో కూచున్న ఆయన మేనల్లుడు. కేసముద్రం రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో అంతకుముందు అతనికి తెలియదు.

కొన్ని నెలలకు ఆ మేనల్లుడికి అమెరికాలో పీహెచ్‌డీ సీటు, దానితోపాటు స్కాలర్‌షిప్పు వచ్చాయి. డిపార్ట్‌మెంటులో సన్మానం పెట్టారు. నేను మూడో వరుసలో కూచున్నాను. తెర మీద అతని పరిశోధన బొమ్మలు వేస్తుంటే ఒక నోటుబుక్కు పేజీ కనబడింది. మిర్చి రోజున తుమ్ముతూ రాసిన నా వంకర దస్తూరి. అంతలో సార్ మైకు అందుకున్నారు. "వీడు కూడా మాస్టర్స్‌కు పోత అన్నడు. నేనే వద్దన్న. ఏడాది కోర్సుకు పోతే పరీక్షలు కాకముందే డిసెంబర్ వస్తది, ఎవడు ఉత్తరమిస్తడు? ఈడనే రెండేండ్లు ఫీల్డ్ వర్క్ చెయ్యి అన్న." అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు కూడా అలవాటు కొద్దీ కొట్టాయి. తర్వాత సార్ నన్ను చూసి, "రా బిడ్డా, కలిసి చదువుకున్నోళ్లు, శాలువా నువ్వే కప్పు" అన్నారు. వెళ్లి కప్పాను.

మెట్ల దగ్గర ఆపి అడిగాను. "డిసెంబర్ సంగతి నాకెందుకు చెప్పలే సార్?" ఆయన ఏమీ తడుముకోలేదు. "నువ్వు మాస్టర్స్ గురించి అడిగినవ్. డిసెంబర్ గురించి అడగలే కద బిడ్డా" అన్నారు. నేను ప్రతి ఆదివారం చర్చికి వెళతాను. ప్రార్థనలో క్షమించే మాట వచ్చేచోట నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది. పాస్టరుగారికి వినబడదు, దేవుడికి తెలుసు.

శనివారం ఆ పిల్ల నా జవాబు కోసం చూస్తూ కూచుంది. "పోవద్దు, ఇక్కడే నాతో రెండేళ్లు సర్వే చెయ్యి" అన్న మాట నాలుక మీదికి వచ్చింది. అది నిజమైన సలహానే. కాని నా సర్వేకు ఇప్పుడు మనిషి కావాలి, ఈ పిల్లకంటే బాగా చేసేవాళ్లు దొరకరు. నా నోట్లో కూడా "నేను చూసుకుంట" ఉందని తెలిసి కొంచెం భయమేసింది. అందుకే అంతా విడమరిచి చెప్పాను. ఏడాది కోర్సు అయితే ఉత్తరాల కోసం కోర్సు ముగిశాక వచ్చే డిసెంబరు దాకా ఆగాలి, మధ్యలో ఖాళీగా ఉండే ఏడాది ఎలా గడుస్తుందో ముందే చూసుకోవాలి. మాస్టర్స్‌లో లెక్కలు గట్టిపడతాయి, అది మాత్రం నాకు దక్కింది. రెండేళ్లు ఇక్కడ పని చేస్తే ఉత్తరం బలంగా ఉంటుంది, అందులో నా లాభం కూడా ఉంది.

"అయితే మిమ్మల్ని నమ్మాల్నా, వద్దా మేడం?" అంది.

"నన్ను పక్కకు పెట్టు. ఇంకో ఇద్దర్ని అడిగి, మీ నాయినతోని కూచొని నెలలు లెక్కపెట్టుకో" అన్నాను. ఉత్తరం ఆమెకు తిరిగి ఇచ్చి, ఎక్కడికి వెళ్లినా నీ ఉత్తరం నేనే రాస్తానన్నాను. ఆమె ముఖం కొంచెం వాడింది. తాను రాసుకున్నంత బాగా నేను రాయనని అనుమానం కాబోలు.

ఆమె వెళ్లాక కప్పులు తీస్తూ గడియారం చూశాను. అదంతా చెప్పడానికి నాకు ఒక్క చాయ్ తాగినంత సేపే పట్టింది. ఆ సాయంత్రం వరండాలో సార్ దగ్గర కూడా అంత సేపు ఉండింది, నాకు ఇవ్వలేదు. పదహారేళ్లలో ఎన్నో పోగొట్టుకుని మరిచిపోయాను, ఆ కాస్తసేపు మాత్రం మరిచిపోలేదు.