చెక్‌పోస్టులో మా బావ వీపు

ఆ రోజుల్లో ఫిల్మ్ నగర్ ఎక్కేటప్పుడు సైకిల్‌ని మనం మోయాలి, దిగేటప్పుడు మనల్ని దేవుడు మోయాలి. యూసుఫ్‌గూడ ఇరుకు గదుల్లోంచి పొద్దున్నే స్టూడియోలకి బయల్దేరే మా సైకిళ్ళకి బ్రేకులు ఉన్నాయా అని ఎవరూ అడిగేవారు కాదు. చెప్పు అరిగితే కొత్త చెప్పులు కొనుక్కునేవాళ్ళం (అదే మా బ్రేకు). ఇప్పుడు నాకు ఎవరి మీదా అసూయ లేదు, డాక్టరు మానమన్న వాటిలో అదీ ఒకటి. ఆ వయసులో మాత్రం పళ్ళు తోముకున్నంత క్రమంగా రోజూ మా బావని చూసి కుళ్ళుకునేవాణ్ణి.

బావంటే మా మేనత్త కొడుకు. గోదావరి జిల్లా నుంచి ఇద్దరం ఒకే రైల్లో వచ్చాం. తను హీరో అవుదామని వచ్చి కాస్ట్యూమ్స్‌లో ఇస్త్రీ పనికి కుదిరాడు. నేను కెమెరామన్ అవుదామని వచ్చి, స్టిల్ ఫోటోగ్రాఫర్ దగ్గర గొడుగు పట్టుకుని, రీళ్ళు ల్యాబుకి మోసే పనిలో చేరాను. గది ఒకటే, కంచాలు రెండు, అద్దం మాత్రం పూర్తిగా బావదే. గదిలోది చాలక సైకిల్ హ్యాండిల్‌కి కూడా ఓ గుండ్రటి అద్దం బిగించుకున్నాడు, గాలికి క్రాపు చెదిరితే సర్దుకోవడానికి. చెదిరినా బాగానే ఉండేవాడు. నా ఒళ్ళు మండేది అక్కడే.

ఒకసారి నెల తిరక్కుండా మా సైకిలువాళ్ళలో ఇద్దరిని ఆ ఫిల్మ్ నగర్ పల్లంలో వెనకనుంచి కార్లు గుద్దాయి. ప్రాణాలు దక్కాయి గానీ ఇద్దరూ మంచాన పడ్డారు. దాంతో యూసుఫ్‌గూడ, మధురానగర్ కాలనీ సంఘాలు, జూబ్లీ హిల్స్ బంగళాలవాళ్ళు, మా స్టూడియో వర్కర్లు, ట్రాఫిక్ పోలీసులు కలిసి ఒక కమిటీ వేశారు. కార్లున్నవాళ్ళూ సైకిళ్ళున్నవాళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. ఆదివారం పొద్దున బడి ఆవరణలో, మనవలున్న లైట్‌మ్యాన్లు కూడా వరసగా నిలబడి, కుడికి తిరిగేటప్పుడు చెయ్యి ఎలా చాపాలో నేర్చుకున్నారు. ప్రతి సైకిల్ వెనక మడ్‌గార్డుకీ ఎర్ర రిఫ్లెక్టరు బిగించారు. ఇక చెక్‌పోస్టు దగ్గర పెద్ద బోర్డు పెట్టాలని, దాని మీదికి ఒక ఆదర్శ సైక్లిస్టు ఫోటో కావాలని తీర్మానించారు.

ట్రాఫిక్ ఎస్సైగారు సైకిళ్ళన్నీ చూసుకుంటూ వచ్చి బావ దగ్గర ఆగారు. "గిసోంటోడు గావాలె. ఎన్కకెల్లి ఎవలొస్తున్నరో చూసెటందుకు అద్దం గూడ పెట్టుకున్నడు సూడుండ్రి" అన్నారు. బావ వినయంగా తల వంచుకున్నాడు (ఆ వంచిన తలని అద్దంలో చూసుకున్నాడు కూడా).

జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టంటే ప్రతి నిర్మాత కారూ ఆగే చోటు. అక్కడ నిలువెత్తు బావ నవ్వుతుంటే ఏదో ఒక కారు అద్దం దిగకుండా ఉంటుందా? బావ హీరో అయిపోతాడు, నేను హీరోగారి బావమరిదిగా గొడుగు పట్టుకుంటాను. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. బావ మాత్రం నా కంచంలోది కూడా తినేశాడు.

మర్నాడు మా ఫోటోగ్రాఫర్ గురువుగారు బావని ముందునుంచి నాలుగు ఫోటోలు తీసి, రీలు అవగొట్టడానికి రిఫ్లెక్టరు కనిపించేలా వెనకనుంచి ఒకటి తీశారు. ల్యాబులో నెగెటివ్ నా చేతికి వచ్చింది. ముఖం ఉన్న నాలుగింటినీ కత్తిరించి జేబులో వేసుకున్నాను. గురువుగారితో, "ఆ ముక్కకి లైటు తగిలి పాడైందండీ" అన్నాను. వెంటనే గొడుగు తెరిచి ఆయన నెత్తిన పట్టాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కమిటీ ముందు గురువుగారు నీళ్ళు నములుతూ ఆ వీపు ఫోటో పెట్టారు. ఎస్సైగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మస్తుగుంది సార్. కారోనికి కనవడేది ముఖమా, ఎన్క భాగమే గద. గిదే పెట్టుండ్రి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా కుళ్ళుకి చప్పట్లు పడటం అదొక్కసారే, అవి కూడా గురువుగారి ఖాతాలోకి పోయాయి. బోర్డు పుణ్యమో రిఫ్లెక్టర్ల పుణ్యమో, ఆ వానాకాలం మా వాళ్ళెవరూ మంచాన పడలేదు.

బోర్డు పెట్టిన రోజు బావ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. "చెవులు నావేరా, గుర్తుపట్టొచ్చు" అన్నాడు చివరికి. నాకు సంతోషం కలగాలి. కలగలేదు.

పది రోజులకి ఒక ఫైట్ మాస్టరు కారు నిజంగానే అక్కడ ఆగింది. ఆ వీపు అచ్చం తన హీరో వీపులా ఉందట. బావ డూపయ్యాడు. మోటార్ సైకిల్ మీద మంటల్లోంచి దూకాడు, గుర్రమెక్కాడు, మధురానగర్‌లో రెండు గదుల పోర్షన్‌లోకి మారాడు. అన్ని సినిమాల్లోనూ వీపే. నేను మాత్రం గొడుగు కిందే ఉండి, ఈసారి బావ వీపుని చూసి కుళ్ళుకున్నాను.

మొన్నామధ్య వాళ్ళింట్లో కాఫీ తాగుతూ, ఇక దాచలేక ఆ నెగెటివ్ ముక్క బల్ల మీద పెట్టి అంతా చెప్పేశాను. బావ దాన్ని ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుని చూశాడు.

"ల్యాబువాడు అప్పుడే చెప్పాడ్రా" అన్నాడు.

"మరి నన్ను తన్నలేదేం?"

"ఎందుకు తన్నాలి? ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగానో నీకు తెలుసుగా. ఈ ముఖం బయటపడితే హీరో అయిపోతానని నమ్మినవాడివి ఈ ఊళ్ళో నువ్వొక్కడివేరా."

ఇద్దరం నవ్వుకున్నాం. బావ నెగెటివ్ తిరిగి ఇచ్చేస్తే మళ్ళీ జేబులో వేసుకున్నాను. ఇంటికొచ్చాక పెట్టెలో దాచేముందు ఒకసారి నేనూ లైటుకి ఎత్తి చూశాను. నిజంగానే బాగున్నాడు. ఇప్పటికీ కాస్త కుళ్ళుగానే ఉంది.